మన్మాడ్‌లో బండి మారినవాళ్ళం

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడాది ఇదే ఉత్సవంలో చిన్నపిల్లలకు బొమ్మల పోటీ పెట్టాము. "మన ఊరి ప్రయాణం" అని విషయం ఇచ్చాము. పిల్లలు చక్కని బొమ్మలు వేశారు. ప్రతి బొమ్మలోనూ విమానమే ఉన్నది. ఒక దానిలో విమానం నేరుగా తాతగారి పెరట్లో, మామిడిచెట్టు పక్కనే దిగింది. అందరమూ నవ్వుకొన్నాము. తరువాత మాలో ఒకరు ఆ బొమ్మలన్నీ మళ్ళీ తిరగేసి, "ఒక్క పిల్లవాడైనా రైలు వేయలేదు, చూశారా?" అన్నారు.

తప్పు పిల్లలది కాదు. బహ్రెయిన్‌లో రైలు లేదు. పట్టాలు లేవు, ఠేషను లేదు, గేటు దగ్గర ఆగి బండి పెట్టెలు లెక్కపెట్టుకొనే ముచ్చటా లేదు. 1986లో తెరిచిన వంతెన దాటి దమ్మాం వెళితే తప్ప ఇక్కడి పిల్లలకు రైలు కూత వినపడదు. దమ్మాం నుండి రియాద్‌కు 1951లో రైలు పడింది. గల్ఫ్ దేశాలన్నిటినీ కలిపే రైలుమార్గం గురించి చర్చ మాత్రం చాలాకాలంగా సాగుతున్నది.

తప్పు మాది. మా తరంవాళ్ళం పిల్లలకు విమానం ఎక్కిన కథ చెప్పాము కాని, ఆ విమానం దాకా తెచ్చిన రైలు కథ చెప్పలేదు. అందుకే ఈ ఏడు ఉగాది సభలో రైలును గూర్చి నాలుగు మాటలు చెప్పాలని మేమంతా కూర్చొని అనుకొన్నాము. ఇది చరిత్ర పాఠం అనుకొని పిల్లలు భయపడవద్దు. ఇది మన ఇంటి కథే.

ముందుగా ఒక సంగతి. తెలుగు నేలకు రైలు మన కోసం రాలేదు. హైదరాబాదు రాజ్యంలో మొదటి రైలు 1874లో నడిచింది. బొంబాయి నుండి మద్రాసు వైపు పోయే పెద్దలైను మీద వాడి అనే ఊరున్నది. అక్కడి నుండి సికింద్రాబాదుకు పట్టాలు వేశారు. సికింద్రాబాదులో ఇంగ్లీషువారి దండు ఉండేది. ఆ దండును బొంబాయితో కలపాలన్నది వారి ఆరాటం. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది. అప్పటి దివాను మొదటి సాలార్‌జంగ్. ఆ ఖజానాకు సొమ్ము ఎక్కడిది? దున్నినవాడి శిస్తు నుండి వచ్చినదే. అంటే రైలెక్కని రైతు కూడా ఆ రైలుకు టిక్కెట్టు కొన్నట్టే లెక్క.

1883లో ఆ లైనును ఒక కంపెనీకి అప్పగించి, తూర్పుకూ ఉత్తరానికీ పొడిగించాలన్న ఒప్పందం కుదిరింది. ఆ కంపెనీ లండనులో వాటాలు అమ్మి డబ్బు పోగుచేస్తుంది. పెట్టుబడి మీద నూటికి అయిదు వడ్డీ ఇరవై ఏళ్ళపాటు వస్తుందని నిజాం ప్రభుత్వం హామీ ఇస్తుంది. రైలు సంపాదన ఆ అయిదుకు చాలకపోతే తక్కువ పడినదాన్ని ఖజానా నింపుతుంది. లాభమైతే కంపెనీది, నష్టమైతే మనది. అందుకే దానికి "నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే" అని పేరు వచ్చింది. గ్యారంటీ ఎవరు ఎవరికి ఇచ్చారో ఆ పేరులోనే ఉన్నది.

ఈ ఏర్పాటు మీద హైదరాబాదులో అలజడి లేచింది. ఒప్పందం షరతులేమిటో ప్రజలకు చెప్పాలని కొందరు చదువుకొన్నవారు బహిరంగంగా అడిగారు. వారిలో ముఖ్యులు డాక్టర్ అఘోరనాథ చట్టోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అఘోరనాథులవారంటే మరెవరో కాదు, సరోజినీ నాయుడుగారి తండ్రి. రైలు లెక్కలు అడిగినందుకు 1883లో ఆయనను హైదరాబాదు నుండి వెళ్ళగొట్టారు. అప్పటికి సరోజిని నాలుగేళ్ళ పిల్ల. చాందా రైల్వే ఆందోళన అని చరిత్రలో చెప్పేది దీనినే. ఆ రాజ్యంలో జనం గొంతెత్తిన తొలి సందర్భాలలో ఇదొకటి. అది రైలు గురించి కావటం మనం గుర్తుంచుకోవలసిన విషయం.

ఒప్పందం ప్రకారం పట్టాలు తూర్పుకు సాగాయి. వరంగల్లు, డోర్నకల్ దాటి 1889 నాటికి బెజవాడ చేరాయి. డోర్నకల్ నుండి ఇల్లందుకు ఒక కొమ్మ వేశారు. అక్కడ సింగరేణి బొగ్గు ఉన్నది. ఆ బొగ్గు ఇంజన్లకు ఆహారం, కంపెనీకి ఆదాయం. ఇక సర్కారు జిల్లాలలో చూడండి. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద యాభై ఆరు ఖానాల వంతెన వచ్చింది. మద్రాసు గవర్నరు పేరున దానికి హేవలాక్ వంతెన అని పేరు పెట్టారు. అంతకు ముందు ఈ ఒడ్డున బండి దిగి, గోదావరి దాటి, ఆ ఒడ్డున మళ్ళీ బండి ఎక్కవలసి వచ్చేది. దాదాపు నూరేళ్ళు సేవచేసి ఆ వంతెన 1997లో విశ్రాంతి తీసుకొన్నది. ఈ సభలో ఉన్న గోదావరి జిల్లాల కుటుంబాలకు ఆ వంతెన మీద నాణెం విసిరి దండం పెట్టిన పెద్దల కథలు వేరే చెప్పనక్కరలేదు.

సర్కారు జిల్లాలవారికి రైలు కాకినాడ రేవును, విశాఖ రేవును దగ్గర చేసింది. ఆ రేవుల నుండి పొగఓడలు రంగూన్ పోయేవి. వేలకు వేలు తెలుగు కూలీలు వరికోతలకు, బియ్యపు మిల్లులకు, రేవు పనులకు బర్మా వెళ్ళారు. తెలంగాణావారికి తూర్పు సముద్రం దూరం. వారికి దొరికిన సముద్రం బొంబాయి. ఇక్కడి నుండి మన కథ అసలు దారి పడుతుంది.

1899, 1901 సంవత్సరాల మధ్య మరొక లైను దశలుగా తెరిచారు. దాని పేరు హైదరాబాదు గోదావరి లోయ రైల్వే. సికింద్రాబాదులో బయలుదేరి బొల్లారం, మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాదు మీదుగా, బాసర దగ్గర గోదావరి దాటి, ధర్మాబాద్, నాందేడ్, పర్భణి, జాల్నా, ఔరంగాబాదు తాకుతూ మన్మాడ్ చేరుతుంది. హైదరాబాదు నుండి మన్మాడ్‌కు సుమారు 390 మైళ్ళు. ఆ సంవత్సరాలలోనే దక్కను మీద పెద్ద కరువు పడింది. ధాన్యం ఉన్నచోటి నుండి లేనిచోటికి చేర్చడానికి రైలెంత అవసరమో అందరికీ తెలిసివచ్చిన కాలమది. మరాఠ్వాడా పత్తి బొంబాయి మిల్లులకు పోవడానికీ ఈ లైనే దారి అయింది.

కాని ఈ లైనులో ఒక తిరకాసు ఉన్నది. వాడి లైను పెద్ద పట్టాలది. పట్టాకూ పట్టాకూ నడుమ అయిదున్నర అడుగులు. మన్మాడ్ లైను చిన్న పట్టాలది. సరిగ్గా ఒక మీటరు, అంటే మూడడుగుల మూడంగుళాల పైచిల్లర. చిన్న పట్టాలకు ఖర్చు తక్కువ. కట్ట సన్నం, వంతెన తేలిక, ఇంజను చిన్నది. అందువల్ల ప్రపంచమంతటా కొత్త లైన్లు చాలాచోట్ల ఇలాగే వేశారు. ఇదే కాలంలో, 1900లో మొదలుపెట్టి 1908 నాటికి డమాస్కస్ నుండి మదీనాకు వేసిన హిజాజ్ రైలు కూడా చిన్న పట్టాలదే. పిల్లలు బడిలో ఆ రైలు పేరు వినే ఉంటారు. మన మన్మాడ్ లైను దాని ఈడుదే.

తిరకాసు ఎక్కడంటే, చిన్న పట్టాల మీది పెట్టె పెద్ద పట్టాల మీద నడవదు. మన్మాడ్‌లో బొంబాయి పోయే పెద్దలైను తగులుతుంది. అక్కడ మన బండి ఆగిపోవలసిందే. పత్తి బేళ్ళను, ధాన్యం బస్తాలను ఒక పెట్టెలోంచి దించి మరో పెట్టెలోకి ఎక్కించాలి. ఎక్కించేది యంత్రం కాదు, హమాలీ వీపు. మనుషులు కూడా అంతే. మూట నెత్తిన, పిల్ల చంకన, రేకుపెట్టె చేతిలో పట్టుకొని, అర్ధరాత్రయినా అపరాత్రయినా ఒక ప్లాట్‌ఫారం దిగి, ఇంకొక ప్లాట్‌ఫారం వెతుక్కోవాలి. నిజామాబాదులో ఎక్కినప్పుడు పెట్టెలో వినిపించేది తెలుగు. నాందేడ్ దాటితే మరాఠీ. మన్మాడ్‌లో దిగేసరికి తెలుగు మాట పూర్తిగా వెనకబడిపోతుంది. పరదేశం ఎక్కడ మొదలైందని మా పెద్దలను అడిగితే చాలామంది బొంబాయి అనరు, మన్మాడ్ అంటారు.

ఈ బండి ఎక్కినవారెవరు? మగ్గం మీద బతుకు సాగక భివండికి, బొంబాయికి పోయిన కరీంనగర్ నేతవారు ఎక్కారు. మేడలు కట్టడానికి, రోడ్లు వేయడానికి పోయిన కూలీలు ఎక్కారు. బొంబాయిలో కామాటిపురా అనే పేటకు ఆ పేరు నిజాం రాజ్యం నుండి వెళ్ళిన కామాటి కూలీల వల్లనే వచ్చింది. రైలు రాకముందే వారు కాలినడకన వెళ్ళారు. రైలు వచ్చాక ఆ బాట వెడల్పయింది. పాలమూరు వైపు కూడా చిన్న పట్టాలు పడి 1916లో గద్వాల దాకా పోయాయి. ఆ ఏడే కాచిగూడ ఠేషను కట్టారు. పాలమూరు కూలీ దేశమంతటా చెరువులు, ఆనకట్టలు కట్టాడంటే అతణ్ణి అక్కడికి చేర్చినది ఆ పట్టాలే.

వారంతా మూడో తరగతి మనుషులు. మూడో తరగతి అంటే చెక్క బల్లలు, కిక్కిరిసిన పెట్టె, నీళ్ళు లేని పాయిఖానా. ఆ కష్టాలను గూర్చి గాంధీగారు 1917లో స్వయంగా అనుభవించి రాశారు. అయినా రైల్వేలకు ప్రయాణికుల రాబడిలో పెద్దభాగం ఆ తరగతి నుండే వచ్చేది. 1974లో మూడో తరగతి అన్న పేరు ఎత్తివేశారు. పేరు పోయింది గాని బల్లలు వెంటనే మెత్తబడలేదని ఆ రోజుల్లో ప్రయాణం చేసినవారికి తెలుసు.

ఇప్పుడు బొంబాయి నుండి బహ్రెయిన్‌కు వద్దాము. బ్రిటిష్ ఇండియా కంపెనీ పొగఓడలు 1862 నుండే బొంబాయిని గల్ఫ్ రేవులతో కలిపాయి. 1884లో ఇక్కడ మనామాలో భారత తపాలా కార్యాలయం తెరిచారు. ఇక్కడి ఉత్తరాల మీద అంటించినవి భారతదేశం బిళ్ళలే. 1933 నుండి వాటి మీద బహ్రెయిన్ అని అచ్చు వేశారు. బజారులో చెల్లినది రూపాయి. 1965లో దినారు వచ్చేదాకా ఇక్కడ రూపాయే నడిచింది. ఇక ముత్యాల సంగతి హైదరాబాదువారికి చెప్పాలా? మన ఇళ్ళలో బస్రా ముత్యాలని మురిపెంగా దాచుకొన్నవి ఈ గల్ఫ్ సముద్రపు ముత్యాలే. ఇక్కడి గజ ఈతగాళ్ళు ముక్కుకు క్లిప్పు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని సముద్రం అడుగుకు దిగి తెచ్చిన ముత్యాలకు పెద్ద అంగడి బొంబాయి. బొంబాయి నుండి హైదరాబాదుకు రైలు. అంటే మన మనుషుల కంటే ముందు ఆ దారిని తెలిసినవి ఇక్కడి ముత్యాలు. అవి ఇటు నుండి అటు వచ్చాయి. తరువాత మనం అటు నుండి ఇటు వచ్చాము.

1929 తరువాత ప్రపంచమంతా మాంద్యం వచ్చింది. జపానువారి పెంపుడు ముత్యాలూ వచ్చాయి. ఇక్కడి ముత్యాల బతుకు దెబ్బతిన్నది. సరిగ్గా ఆ గడ్డు కాలంలోనే, 1932లో, ఇక్కడ జెబెల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. గల్ఫ్‌కు ఈ ఒడ్డున అదే మొదటి చమురుబావి. ఆ కంపెనీ పనికి గుమాస్తాలను, పనితెలిసినవారిని బొంబాయి నుండి తెచ్చుకొన్నారు. అదే 1932లో హైదరాబాదులో నిజాం రైల్వేవారు ఇరవై ఏడు బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టారు. నేడు మన ఊళ్ళకు పోయే ఆర్టీసీ బస్సుకు మూలం ఆ ఇరవై ఏడే. బస్సు ఊరి మనిషిని ఠేషనుకు చేర్చింది. రైలు బొంబాయి చేర్చింది. చమురు అక్కడి నుండి ఇక్కడికి పిలిచింది.

ఇక్కడ ఇంకొక మాట న్యాయంగా చెప్పాలి. రైలు మన నుండి తీసుకోవడమే కాదు, ఇచ్చింది కూడా. 1930 ఏప్రిల్ ఒకటిన నిజాం ప్రభుత్వం కంపెనీ నుండి రైల్వేను కొని తన చేతిలోకి తీసుకొన్నది. 1883లో అఘోరనాథులవారు అడిగిన ప్రశ్నకు ఆ విధంగా నలభై ఏడేళ్ళకు ఒక జవాబు వచ్చిందనవచ్చు. అంతకు ఒక ఏడాది ముందు కాజీపేట నుండి బల్హార్షా లైను పూర్తయి, ఢిల్లీ నుండి మద్రాసుకు తెలంగాణా మీదుగా నేరుగా దారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ అప్పుడు పుట్టినదే. ఏ చాందా పేరుతో 1883లో గొడవ జరిగిందో, ఆ దిక్కుకు బండి నేరుగా నడవడానికి ఇన్నేళ్ళు పట్టింది. లాలాగూడ వర్క్‌షాపులో మనవాళ్ళు ఫిట్టరు పని, లేతు పని, కమ్మరం కొత్త పద్ధతిలో నేర్చారు. నిజామాబాదు వైపు నిజాంసాగరు నీళ్ళు, బోధను చక్కెర ఫ్యాక్టరీ వచ్చాయి. చక్కెర బస్తాలు రైలెక్కాయి. మంగలి, చాకలి, మాల, మాదిగ, దొర, రెడ్డి అన్న తేడాలు ఊరిలో ఎంత గట్టిగా ఉన్నా, మూడో తరగతి పెట్టెలో ఒకే బల్ల మీద ఇరుక్కొని కూర్చోవలసి వచ్చింది. కూర్చోవటానికి ఇష్టపడనివారు నిలబడ్డారు. బండి మాత్రం ఆగలేదు.

ఇక మా తరం సంగతి. 1970ల చివర, 1980లలో మాలో చాలామందిమి ఈ దారినే వచ్చాము. ఆ రోజుల్లో జగిత్యాల, సిరిసిల్ల వైపు రైలు లేదు. బస్సులో కామారెడ్డికో నిజామాబాదుకో వచ్చి మన్మాడ్ బండి ఎక్కేవాళ్ళం. కొందరు సికింద్రాబాదు పోయి వాడి మీదుగా వెళ్ళారు. బొంబాయి చేరాక అసలు కష్టం మొదలు. ఏజెంటు చెప్పిన తేదీకి వీసా రాదు. ఒక గదిలో పదిహేనుమందిమి వంతులవారీగా పడుకొని రోజులు లెక్కపెట్టుకొన్నాము. కొందరిని ఏజెంట్లు ముంచారు. ఇల్లు కుదువపెట్టి తెచ్చిన సొమ్ము పోగొట్టుకొని, ఊళ్ళో మొహం చూపలేక, బొంబాయిలోనే కూలికి ఉండిపోయినవారు మాకు తెలుసు. కొందరు విమానంలో వచ్చారు. కొందరు ఓడలో వచ్చారు. ఆ పాత బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలలో చివరిదాని పేరు ద్వారక. 1982 దాకా అది గల్ఫ్ నీళ్ళలో తిరిగింది.

మా పెద్దలలో ఒకాయన ఈమధ్య తన ఇంట్లో కూర్చొని ఒక సంగతి చెప్పారు. ఆయన పేరు చెప్పవద్దన్నారు, చెప్పము. ఆయన మొదటిసారి బయలుదేరిన రోజు తల్లి నిజామాబాదు ఠేషను దాకా వచ్చింది. ఆమె అంతకు ముందు రైలు చూడలేదు. కిటికీ కమ్మీలలోంచి సద్దిమూట అందించి, "పైలం బిడ్డా, మల్ల ఇదే బండ్ల రా" అన్నది. వెళ్ళిన బండే తిరిగి వస్తుందని, అందులో కొడుకు ఉంటాడని ఆమె అనుకొన్నది. ఆయన నాలుగేళ్ళకు గాని తిరిగి వెళ్ళలేదు. వెళ్ళేసరికి ఆమె లేదు. తండ్రి చెప్పాడట, "మీ అవ్వ ఠేషనుకు రెండుసార్లు పోయొచ్చింది రా" అని.

ఈ మాట చెబుతుంటే పక్కనే ఆయన మనుమరాలు ఉన్నది. ఇక్కడే పుట్టిన పిల్ల, ఇక్కడే చదువుతున్నది. "తాతా, ఇన్నేళ్ళు మాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "కూలికొచ్చినమని చెప్పుకోవాలా బిడ్డా?" అన్నారు.

ఆ మాట విన్న రోజు నుండి మాకు మనసు కుదుటగా లేదు. ఈ ప్రసంగానికి కారణం అదే. మన కుటుంబాలలో కొందరు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా, గుమాస్తాలుగా వచ్చారు. కొందరు మేస్త్రీలుగా, డ్రైవర్లుగా, ఇంటిపనివారుగా వచ్చారు. మొదటివారి కథ మన సంచికలలో ఫొటోలతో సహా వస్తున్నది. రెండోవారి కథ వారి మనుమలకే తెలియదు. దాచినది ఎవరో కాదు, మనమే. కష్టపడి వచ్చిన దారిని సిగ్గుపడవలసిన దారిగా మనమే చేసుకొన్నాము. వాడి లైను వేసినప్పుడు శిస్తు కట్టిన రైతు పేరు ఏ శిలాఫలకం మీదా లేదు. మన్మాడ్‌లో బేళ్ళు మోసిన హమాలీ పేరు లేదు. వారి పేర్లు మనం తేలేము. కాని మన ఇంటి తాతగారి ప్రయాణం మన చేతిలోనే ఉన్నది. అది కూడా పోనిస్తే ఎవరిని అడగాలి?

పిల్లలారా, ఒక చిన్న విషయం చూడండి. విమానం ఎక్కితే బోర్డింగు కాగితం ముక్క మీ దగ్గర మిగులుతుంది. పాస్‌పోర్టులో ముద్ర మిగులుతుంది. ఆనాటి రైలు టిక్కెట్టు చిన్న దళసరి అట్టముక్క. ప్రయాణం ముగియగానే గేటు దగ్గర దానిని ఇచ్చేయాలి. అందుచేత మీ తాతగారు ఆ దారిన వచ్చారనడానికి ఇంట్లో ఏ కాగితమూ దొరకదు. ఉన్న సాక్ష్యమల్లా ఆయన నోటిమాట. ఆ సాక్ష్యానికి వయసు మీద పడుతున్నది.

కనుక ఈ సంవత్సరం మన సంఘం తరఫున ప్రతి కుటుంబాన్నీ ఒకటి కోరుతున్నాము. ఇంటిలోని పెద్దలను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ ఊరి నుండి ఏ ఠేషనుకు వచ్చి బండెక్కారు? ఎక్కడ బండి మారారు? ఠేషనుకు ఎవరు వచ్చి సాగనంపారు? చేతిలో ఏముంది? ఈ నాలుగింటికి జవాబులు వారి మాటలలోనే, వారి యాసలోనే రాసి పెట్టండి. తెలుగు రాయడం రాని పిల్లలు ఫోనులో మాట పట్టి ఉంచండి. రాయడం వచ్చినవారు మేము రాసిపెడతాము. రాజమండ్రి నుండి వచ్చినవారైనా, కడప నుండి వచ్చినవారైనా, పాలమూరు నుండి వచ్చినవారైనా అందరికీ ఒకే మనవి. వచ్చినవాటిని వచ్చే ఉగాది సంచికలో అచ్చు వేద్దాము. పేరు వద్దన్నవారి పేరు వేయము. పని ఏమిటో మాత్రం దాచవద్దు.

మన్మాడ్ లైను ఇప్పుడు పాతది కాదు. 1990లలో మొదలుపెట్టి దశలవారీగా చిన్న పట్టాలు తీసి పెద్ద పట్టాలు వేశారు. దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాదు మీదుగా నేరుగా ముంబయి పోతున్నది. మన్మాడ్‌లో ఎవరూ మూట దించనక్కరలేదు. పెద్దపల్లి నుండి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాదుకు వేసిన లైను కూడా 2017లో పూర్తయింది. ఒకప్పుడు రైలు కోసం బస్సెక్కిన ఊళ్ళకు రైలే వచ్చింది. ఇది సంతోషించవలసిన సంగతి. అయితే బండి మారే పని తప్పినకొద్దీ, బండి మారిన జ్ఞాపకం కూడా జారిపోతుంది.

ఈసారి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మీ పిల్లలను ఒక్కసారి రైలెక్కించండి. నిజామాబాదు నుండి బాసర దాకా అయినా చాలు. అక్షరాభ్యాసానికి బాసర వెళ్ళే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి కదా, కారు బదులు రైలులో వెళ్ళండి. బండి గోదావరి వంతెన మీదికి వచ్చినప్పుడు కిటికీ దగ్గర కూర్చోబెట్టి, "ఈ నది దాటే మీ తాత బహ్రెయిన్ వచ్చాడు" అని చెప్పండి. తిరిగివచ్చాక వచ్చే ఏడు బొమ్మల పోటీకి పంపండి. విమానం వేయవద్దని మేము అనము. మామిడిచెట్టు పక్కన దానిని దించినా మాకు అభ్యంతరం లేదు. పక్కన ఒక రైలు కూడా ఉంటే, ముందు వరుసలో కూర్చున్న ఈ పెద్దల కళ్ళు ఆ బొమ్మ దగ్గర కొంచెంసేపు ఆగుతాయి.

ఆ పెద్దాయన ఈ సభకు వచ్చారు. ఎక్కడ కూర్చున్నారో మేము చెప్పము. ఆయన మనుమరాలు మాత్రం నిన్ననే తన కాగితాలు మా చేతికి ఇచ్చింది. మొదటి ప్రశ్నకు జవాబు: నిజామాబాదు. రెండోదానికి: మన్మాడ్. మూడోదానికి: మా తాత వాళ్ళ అవ్వ. నాలుగోదానికి: సద్దిమూట.